గేటుకవతల అన్న, గేటుకివతల పందులు

కరోనా సద్దుమణిగిన మరుసటి సంవత్సరం. అప్పుడు నేను కుప్పం వైపు ఒక పల్లెలో పశువైద్యురాలిగా పనిచేస్తున్నాను. ఆసుపత్రి అంటే రెండు గదులు, ఆవును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం, దాన్నే మేం ట్రెవిస్ అంటాం, వరండాలో ఒక విరిగిన బెంచీ. బెంగళూరు రైలు కనిపించేది కాదు గానీ కూత మాత్రం వినిపించేది. ఇప్పుడు మదనపల్లెలో ఫ్యాను కింద కూర్చుని ఫైళ్లు చూసే ఉద్యోగం. జీతం పెరిగింది, చీరకు పేడ అంటడం తగ్గింది. అయినా ఏ మధ్యాహ్నమో పని లేనప్పుడు మనసు ఆ విరిగిన బెంచీ దగ్గరికే పోతుంది.

కొత్తగా చేరిన పిల్లలు "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పండి" అంటారు. నేను పుంగనూరులో కూడా చేశానని వాళ్లకు తెలుసు కాబట్టి ఏ పొట్టి ఆవు కథో వస్తుందని ఆశ. పుంగనూరు ఆవుతో ఫొటో దిగని వాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. పందితో ఫొటో దిగిన మనిషిని మాత్రం నేను ఇంతవరకు చూడలేదు. నా కేసు పందులది అనగానే వాళ్ల ముఖాలు ముడుచుకుపోతాయి. కాసేపు ముడుచుకోనిచ్చి, తర్వాత మునెమ్మ గురించి మొదలుపెడతాను.

మునెమ్మది ఊరి చివర, మల్బరీ తోటల పక్కన, చిన్న పందుల ఫారం. రేకుల షెడ్డు, ఇటుక గదులు, ఈనిన పందులకు వేరే గది. తెల్లటి సీమపందులు. భర్త గ్రానైటు క్వారీలో లారీ డ్రైవరు, ఎప్పుడో ఒకసారి ఇంటికి వచ్చిపోయేవాడు. ఫారమంతా ఆమె చేతి మీదే నడిచేది. పెళ్లయి అత్తారింటికి వచ్చేటప్పుడు ఆడపిల్లకు చీర, పసుపుకుంకుమ ఇచ్చి పంపుతారు కదా, మునెమ్మకు వాటితో పాటు రెండు ఆడ పందిపిల్లలను కూడా ఇచ్చి పంపాడట ఆమె అన్న సిద్ధప్ప. ఆయనకు పుంగనూరు దగ్గర సొంత ఫారం ఉంది. ఆ రెండు పిల్లల సంతానమే మునెమ్మ షెడ్డు నిండా ఉండేది.

నేను ఆమెను మొదటిసారి చూసింది ఒక తగాదాలో. షెడ్డు కడిగిన నీళ్లు పక్కనున్న బీన్సు చేనులోకి పోతున్నాయని ఆ చేను రైతు పంచాయతీలో ఫిర్యాదు చేశాడు. వెళ్లి చూస్తే ఆయన చెప్పింది నిజమే. మునెమ్మ పైపు పట్టుకుని పేడనంతా నీళ్లతో తోసేస్తోంది. శుభ్రంగా ఉంచాలన్న తాపత్రయమే, కాకపోతే ఆ శుభ్రం పక్కవాడి చేను మీదుగా పోతోంది.

"ముందు పారతో పేడ ఎత్తు. ఆ తర్వాతే నీళ్లు పోసి కడుగు. పేడను గుంతలో వేసి, మల్బరీ కట్టెలు, ఎండుటాకు కలిపి కప్పెట్టు" అని చెప్పాను. దాన్ని కంపోస్టింగ్ అంటారు. కుప్ప లోపల పుట్టే వేడికి చాలా రకాల క్రిములు, పురుగుల గుడ్లు చస్తాయి, వాసన తగ్గుతుంది. కడిగిన నీళ్లకు వేరే గుంత తవ్వించాం. కొన్ని నెలలకు ఆ ఎరువు నల్లగా, పొడిపొడిగా తయారైంది. పట్టుపురుగుల వాళ్లు మల్బరీకి కావాలని వచ్చారు. ముక్కు మూసుకుని పంచాయతీకి పోయిన బీన్సు రైతు కూడా ఒక పొద్దు గంప పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. మునెమ్మ ఆయన్ని ఏమీ అనకుండా గంప నింపి ఇచ్చింది. ఆమె స్థానంలో నేనుంటే నాలుగు మాటలు అని ఉండేదాన్ని.

పేడ సంగతి తేలింది గానీ గేటు సంగతి తేలలేదు. బయోసెక్యూరిటీ అని మా శాఖలో ఒక మాట ఉంది. రోగం లోపలికి వచ్చాక మందు వెతుక్కోవడం కాదు, అసలు లోపలికే రాకుండా కాపలా కాయడం. దారి మొదట్లో గేటు ఉండాలి. గేటు దగ్గర ఫుట్‌బాత్, అంటే క్రిములను చంపే మందు కలిపిన నీళ్ల తొట్టి, అందులో చెప్పులు ముంచి తొక్కి రావాలి. బయటి బండి లోపలికి రాకూడదు. హోటళ్ల నుంచి, కల్యాణ మండపాల నుంచి తెచ్చే మిగులు తిండిని బాగా ఉడికించకుండా పందులకు పెట్టకూడదు. అన్నిటికంటే ముందు, పనిలేని మనిషి షెడ్డులో అడుగు పెట్టకూడదు.

ఉడికించడం మునెమ్మ సరిగానే చేసేది. మనుషులను ఆపడమే ఆమెకు చేతకాలేదు. పందుల వ్యాపారి వచ్చినా, హోటలు మిగులు తెచ్చే డ్రమ్ముల బండివాడు వచ్చినా, దారిన పోయే బంధువు వచ్చినా షెడ్డులోకి పిలిచి, ప్లాస్టిక్ కుర్చీ వేసి, కాఫీ ఇచ్చేది. నాకూ అక్కడే ఇచ్చింది. బాగుండేది ఆ కాఫీ, నిజం చెప్పొద్దూ.

"ఇట్లా అందర్నీ రానిస్తే ఎట్లా మునెమ్మా?" అని ఒకసారి గట్టిగానే అడిగాను.

ఆమె గ్లాసు కడుగుతూ, నా వైపు చూడకుండా చెప్పింది. "మేం పందుల్ని మేపేవాళ్లమని మమ్మల్ని దూరంగా నిలబెట్టినోళ్లు శానామంది ఉండారు మేడమ్. బడిలో వెనక కూసోబెట్టినారు. పెండ్లిలో పక్క బంతిలో కూసోబెట్టినారు. బస్సులో పక్కన కూసున్నోళ్లు లేసిపోతారు. నా గడపకాడికి వచ్చినోళ్లను నేను దూరంగా నిలబెట్టేదా? నాతో అయ్యేది కాదు."

పుస్తకంలో గేటు కొలతలు ఉంటాయి గానీ దీనికి జవాబు ఉండదు. "మనుషులను చూసి ఆపమనడం లేదమ్మా, వాళ్ల చెప్పులకు అంటుకుని వచ్చేదాన్ని ఆపమంటున్నాను" అని మాత్రం అన్నాను. నా మాట కాదనలేక చివరికి గేటు పెట్టించడానికి ఒప్పుకుంది.

గేటు చేసింది కుప్పంలో వెల్డింగు షాపు పెట్టుకున్న బాషా. మంచి పనివాడు. కొలతలు తీసుకోవడానికి వచ్చి రోడ్డు మీదే ఆగిపోయాడు. "గేటు బ్రహ్మాండంగా చేసిస్తా మేడమ్. లోపలికి మాత్రం నేను రాను, ఏమీ అనుకోవద్దండి" అన్నాడు. "నాయనా, చెప్పకుండానే బయోసెక్యూరిటీ పాటించిన మొదటి మనిషివి నువ్వే" అన్నాను. ఆయనా నవ్వాడు, మునెమ్మా నవ్వింది. గేటును రోడ్డు మలుపులో, షెడ్డుకు బాగా ఎడంగా నిలబెట్టాడు. గేటైతే వచ్చింది గానీ అది పగలంతా బార్లా తెరిచే ఉండేది. మూయడానికి మునెమ్మకు మనసొప్పేది కాదు.

అలా ఉండగా మా వైపు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చింది. పందులకు మాత్రమే వచ్చే వైరస్ జబ్బు ఇది, మనుషులకు రాదు. మందు లేదు. రైతుకు ఇవ్వడానికి మా చేతిలో టీకా లేదు. జ్వరం, మేత మానడం, చెవులు, పొట్ట ఎర్రగా, నీలంగా కమలడం, ఆ తర్వాత చావు. షెడ్డులోకి వచ్చిందంటే దాదాపు ఊడ్చుకుపోతుంది. ఈ వైరస్ మాంసంలో, నెత్తురులో, పేడలో, బండి చక్రాల మట్టిలో చాలాకాలం బతుకుతుంది. అందుకే ఒక ఫారంలో రోగం తేలితే అక్కడ, దాని చుట్టుపక్కల నిర్ణీత దూరంలో మిగిలిన పందులను కూడా చంపి, సున్నం వేసి లోతుగా పూడ్చాలి. దాన్నే కల్లింగ్ అంటారు. బతికున్న పందిని ఆ ప్రాంతం దాటించకూడదు. జబ్బుకు మందు వేయడానికి ఈ చదువు చదివాను, నేను చేయాల్సిన పనేమో ఇది.

పుంగనూరు వైపు పందులు చచ్చిపోతున్నాయని కబురు వచ్చినప్పుడు అక్కడ మనుషులు చాలక నన్నూ పంపారు. ఒక ఉదయం మా బృందం దిగిన ఫారం ఎవరిదో పేరు విన్నాక గానీ నాకు తెలియలేదు. సిద్ధప్పది. ఒళ్లంతా కప్పే ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని లోపలికి పోయాం. ఒక మూల మదనపల్లె మార్కెట్లో పారబోసిన టమాటాల రాశి, పక్కన హోటలు డ్రమ్ములు. పందులు కొన్ని పడి ఉన్నాయి. కొన్ని గోడకు ఆనుకుని వణుకుతున్నాయి. పరీక్ష ఫలితం రావాల్సి ఉంది గానీ ఆ చెవుల రంగు చూడగానే ఆ జబ్బేనని నాకు అర్థమైపోయింది. వ్యాపారి బండి ఈ ఫారం నుంచి ఆ ఫారానికి తిరుగుతూ తెచ్చి ఉంటుందని అందరూ అనుకున్నారు, ఖాయంగా ఎవరికీ తెలియదు.

"మీ ఆయన ఎక్కడమ్మా?" అని సిద్ధప్ప భార్యను అడిగాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తటపటాయించింది. "బాగుండే సూడి పందులు రెండు ఉండె. వాటినన్నా కాపాడుకుందామని ఆటోలో ఎక్కించుకోని సెల్లెలి కాడికి పోయినాడు. విత్తనం నిలబడాల గదా మేడమ్."

అది మా రైతుల్లో అందరూ చేసే పనే. రోగం వస్తే మంచివాటిని వేరుచేసి చుట్టాల కొట్టంలో దాచడం. ఆవుకు, మేకకు ఏ తరంలోనో అది పనికొచ్చి ఉండొచ్చు. ఈ జబ్బులో పంది పైకి చక్కగా కనిపిస్తూ, మేత మేస్తూ, లోపల వైరస్‌ను మోస్తూ ఉంటుంది. సిద్ధప్ప కాపాడుతున్నానని అనుకుంటూ చెల్లెలి ఇంటికి తీసుకుపోతున్నది ఆ రోగాన్నే. షెడ్డు బయటికి వచ్చి, తొడుగులు తీసి, చేతులు కడుక్కుని మునెమ్మకు ఫోన్ చేశాను.

"తెలుసు మేడమ్" అంది ఆమె, నేను చెప్పేలోపే. "బైరెడ్డిపల్లె దాటినా అని ఇప్పుడే సెప్పినాడు. ఏం సెయ్యాల?"

"రానివ్వొద్దు."

"సెప్పేదానికి సులువే."

"మునెమ్మా, ఆ పందులు నీ షెడ్డు తొక్కితే నీ పందులన్నీ పోతాయి. రోగం చంపకపోతే నేనే వచ్చి చంపించాల్సి ఉంటుంది."

అటువైపు పందుల అరుపులు వినిపిస్తున్నాయి. మేత వేసే వేళ. "అయితే మీరే రాండి మేడమ్. మీరు సెప్తే అన్న ఇంటాడు."

"నేను రాలేనమ్మా. మీ అన్న ఫారంలోనే ఉన్నాను ఇప్పుడు. నేను వస్తే నేనే మోసుకొస్తాను."

అంత నిస్సహాయంగా నా ఉద్యోగంలో ఇంకెప్పుడూ నిలబడలేదు. కుప్పం పశువుల డాక్టరుగారికి కబురు చేయక తప్పదని చెప్పాను. "సెప్పండి. ఆ సారు వచ్చేలోపల నేను మాట్లాడతా. మీరు మాత్రం ఫోను పెట్టేయొద్దండి. నాకు ధైర్యం సాలదు" అంది. మా కాంపౌండరు ఫోన్‌తో కుప్పానికి చెప్పించాను. నా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, సిద్ధప్ప గుమ్మం ఎదురుగా, ఆయన మాటల కోసమే కాచుకున్నాను.

ఆటో వచ్చి ఆగిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఇనుము కిర్రుమంది.

"గేటు తియ్యమ్మా" అన్నాడు సిద్ధప్ప. అలసిపోయిన గొంతు.

"తియ్యను అన్నా."

"ఎండకు పందులు రొప్పుతాండాయి. సూడివి. ముందు తియ్యి, మాటలు తరువాత."

"తియ్యలేను. మేడమ్ సెప్పింది. ఇవి లోపలికొస్తే నావన్నీ పోతాయి."

"నీవన్నీ యాడివి? నేనిచ్చిన పిల్లల పిల్లలు గావా?"

"అవును. నువ్విచ్చినవే. అందుకే కాపాడుకుంటాండా."

తర్వాత ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఊరోళ్లు మనల్ని దూరంగా నిలబెట్టినారు. సరే, వాళ్లు పరాయోళ్లు. ఇప్పుడు నువ్వు గూడా నన్ను వాకిట్లో నిలబెడతాండావా?"

మునెమ్మ ఏడుస్తోంది. ఉన్నపళంగా గేటు తీసేస్తుందని అనుకున్నాను. తీసినా ఆమెను తప్పుపట్టలేను అనిపించింది.

"అన్నా, నాయన పోయినప్పుడు నువ్వు కొరివి పెట్టి వచ్చి యాడ నిలబడినావు?" అంది ఆమె. "వాకిట్లోనే గదా? అమ్మ నీకు ఎదురు రాలేదు. ముట్టుకోలేదు. నేను బయటికి నీళ్లు తెచ్చి పెట్టినా, నువ్వు తలకు పోసుకోని, గుడ్డ మార్చుకోని, అప్పుడు గదా లోపలికి వచ్చింది. ఆ పొద్దు అమ్మకు నీ మీద ప్రేమ లేకనా? నువ్వు పరాయోడివనా?"

ఇనుము మళ్లీ కిర్రుమంది. మునెమ్మే మాట్లాడింది.

"నీ కొట్టంలో ఇప్పుడు సావులు నడస్తాండాయి. నువ్వు సావింటి నుంచి వచ్చినావన్నా. అంతే. వేరే ఏమీ లేదు. నువ్వు ఆడే కూసో. నేనూ లోపలికి పోను, ఈడే కూసుంటా."

ఇన్నేళ్లు చదివి, ట్రైనింగులు ఇచ్చి, నేను చెప్పలేకపోయిన మాట అది. ఎక్కడి నుంచి వచ్చినవాడివో ఆ చోటును బట్టి ఆగు, నువ్వు ఎవరివో దాన్ని బట్టి కాదు. ఆమె దాన్ని ఏ పుస్తకంలోంచీ తీయలేదు, వాళ్ల నాయన చావులోంచి తీసింది. ఆ క్షణంలో ఆమె పక్కన లేకపోయినందుకు నాకు చాలా బాధేసింది.

కుప్పం డాక్టరుగారు చేరేసరికి అన్న గేటుకు అవతల రాయి మీద, చెల్లెలు ఇవతల నేల మీద కూర్చుని ఉన్నారట. ఆమె అన్నం కోసం మాత్రమే లేచి, అరిటాకులో పెట్టి గేటు కింద నుంచి జరిపితే ఆయన తిన్నాడట. పళ్లెంలో పెడితే ఆ పళ్లెం మళ్లీ లోపలికి రావాలని ఆకులో పెట్టిందట. డాక్టరుగారు ఆటోలోనే పందులకు థర్మామీటరు పెట్టి చూశారు. పైకి ఏ లోపమూ కనిపించని ఆ రెంటిలో ఒకదానికి అప్పటికే జ్వరం ఉంది. సిద్ధప్ప ఆ అంకెను చూసి తల పక్కకు తిప్పుకున్నాడని చెప్పారు. ఆటోను అక్కడి నుంచి తరలించి, ఊరికి దూరంగా ఉన్న బంజరులో నిబంధన ప్రకారం చేయాల్సింది చేశారు. రోడ్డు మీద చక్రాలు నిలిచిన చోట కూడా సున్నం చల్లించారు.

ఫలితం వచ్చాక సిద్ధప్ప ఫారంలో మిగిలిన పందుల కల్లింగ్ నా చేతుల మీదుగానే జరిగింది. జేసీబీ గుంత తవ్వుతుంటే ఆయన గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఒక్కొక్క పందినీ పేరు పెట్టి పిలిచేవాడు, నాకు చెబుతున్నట్టు. "అది గౌరి, మేడమ్. పోయినేడు ఈతలో ఒక్క పిల్లను గూడా పోగొట్టుకోలేదు." నేను తలూపాను. తొడుగు లోపల చెమటా కన్నీళ్లూ కలిసిపోయాయి. పనయ్యాక ఆయన ఒకే మాట అడిగాడు. "మా మునెమ్మవి బాగుండాయా?"

అది ఇంకా తేలలేదు. ఆమె పందుల మీద మా వాళ్లు నిఘా పెట్టారు. నేను ఆ దరిదాపులకు పోకూడదు. రోజూ పొద్దున్నే ఫోన్ చేసేదాన్ని. "తింటున్నాయా?" అని అడిగేదాన్ని. "తింటాండాయి మేడమ్" అనేది. ఆ మాట విన్నాకే టిఫిను ముట్టేదాన్ని. ఒక పొద్దు "ఒకటి మేత ముట్టలేదు" అంది. ఆ పూటంతా నేను మనిషిని కాదు. సాయంత్రానికి అది ఈనింది. ఈనే ముందు మేత మానడం మామూలే. డాక్టరునై ఉండి నాకు అది గుర్తుకు రాలేదంటే ఎంత భయపడి ఉన్నానో చూడండి. కట్టడి గడువు ముగిసేదాకా ఆమె పందుల్లో ఒక్కదానికీ జ్వరం రాలేదు.

సిద్ధప్ప చాలాకాలం చెల్లెలికి ఫోన్ చేయలేదు. ఆమె చేస్తే ఆయన భార్య ఎత్తేది. ఆయన షెడ్డు ఖాళీగా, సున్నం కొట్టి, ఆంక్షలు ఎత్తేసేదాకా అలాగే ఉండింది. ఆ తర్వాత ఒక రోజు తనంతట తానే కుప్పం బస్సు ఎక్కి వచ్చాడట. ఏం మాట్లాడుకున్నారో మునెమ్మ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు ఆయన ఫారంలో మళ్లీ పందులు ఉన్నాయి. దారి మొదట్లో గేటూ ఉంది. బాషానే చేశాడు, పుంగనూరు దాకా వచ్చి, రోడ్డు మీదే నిలబడి.

నాకు మదనపల్లెకు బదిలీ అయినప్పుడు చెప్పి వెళదామని మునెమ్మ దగ్గరికి పోయాను. తొట్టిలో చెప్పులు ముంచి తొక్కాను. కుర్చీ ఇప్పుడు షెడ్డులో లేదు, గేటు పక్కన వేపచెట్టు కింద ఉంది. ఎవరు వచ్చినా అక్కడే కూర్చోబెట్టి కాఫీ ఇస్తోంది. కాఫీ అదే రుచి. వెళ్లబోతూ, ఎప్పటి నుంచో మనసులో ఉన్నది అడిగాను.

"ఆ రోజు మీ అన్నకు కోపమొచ్చి గేటు తాళం పగలగొట్టి ఉంటే ఏం చేసేదానివి?"

"తాళం యాడిది మేడమ్?" అంది ఆమె. "అన్న వస్తాండాడని తెలిసి తాళం ఎట్ల వేసేది? గొళ్లెం గూడా పెట్టలేదు. ఊరికే దగ్గరికి వేసినా. ఆయప్ప చెయ్యి గేటు మీదే ఉండె. గేటు ఊగతానే ఉండె."

"ఆయనకు తెలుసా?"

"తెలుసు."

"తోసి ఉంటే?"

"రానిచ్చేదాన్ని" అంది మునెమ్మ. "అన్న గదా."

ఇంటి దగ్గర తన పందులన్నీ పోతున్నాయని తెలిసిన మనిషి, చివరి రెండింటినీ వెంటబెట్టుకుని, వేలితో తోస్తే తెరుచుకునే గేటు ముందు నిలబడి, దాన్ని తోయలేదు. మునెమ్మ ఫారం నిలబడిందని ఇన్నాళ్లు నేను ఆమెకే దండం పెట్టుకున్నాను.

ఇప్పుడు ట్రైనింగుల్లో గేటు ఎంత ఎత్తు ఉండాలని పిల్లలు అడుగుతారు. ఎత్తు చెబుతాను, రాసుకుంటారు. ఆ తర్వాత కలాలు పక్కన పెట్టమని, సిద్ధప్ప గురించి చెబుతాను.